నేవీ పని మళ్ళీ వచ్చింది, పట్టుకోవాలా వదిలెయ్యాలా?

#1 లేత్‌మాస్టర్ (గజపతినగరం)

అందరికీ నమస్కారం. మాది గజపతినగరం పక్కన చిన్న మెషీన్ షాపు. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ లేతులు రెండు, ఒక వీఎంసీ మిల్లింగ్ మెషీన్, నాన్నగారు కొన్న పాత లేతు ఒకటి, తొమ్మిది మంది పనివాళ్ళు. ఒకప్పుడు జూట్ మిల్లుల స్పేర్లతోనే ఇల్లు గడిచేది. మిల్లులు ఒక్కొక్కటీ తాళం వేసుకున్నాక ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీల పనికి మళ్ళాం. అక్కడ కరెంటు రేటు పెరిగి ఫర్నేసు ఆపారంటే మొదట ఆగేది మాలాంటివాళ్ళ బిల్లు.

పోయిన ఏడాది తెలిసినవాళ్ళ ద్వారా ఒక మధ్య కంపెనీ నుంచి నేవీ పని వచ్చింది. పేరు చెప్పను, రేపు మళ్ళీ వాళ్ళ గుమ్మమే తొక్కాలి. నికెల్ అల్యూమినియం బ్రాంజ్ బుష్‌లు (ఇరుసు చుట్టూ తొడిగే గొట్టాల్లాంటివి), 24 పీసులు. ఉప్పు నీళ్ళు తగిలే చోట ఈ లోహం ఎక్కువ వాడతారు. బయటి సైజు 120 మిల్లీమీటర్లు, టాలరెన్స్, అంటే ఒప్పుకునే తేడా, 35 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మా ఆపరేటరు ఇరవయ్యేళ్ళుగా లేతు మీదే ఉన్న మనిషి. ప్రతి పీసూ మైక్రోమీటర్ పెట్టి చూశాకే దింపాడు, నేనూ పక్కనే ఉండి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తీరా అక్కడ ఏసీ గదిలో కొలిస్తే 24లో 9 సైజు తక్కువ అని పక్కన పెట్టేశారు.

నాకు బుర్ర పని చెయ్యలేదు. మా మైక్రోమీటర్ తప్పా, వాళ్ళది తప్పా? అక్కడి ఇన్‌స్పెక్టరు మంచాయన, కూర్చోబెట్టి టీ ఇప్పించి ఒకే మాట అడిగాడు: "వేడి మీద కొలిచావా బాబూ?" నిజమే, మెషీన్ మీంచి దిగిన పీసు చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది, మేం దాన్ని అలాగే కొలిచాం. ఆ సైజు బ్రాంజు పది డిగ్రీల వేడికి దాదాపు 20 మైక్రాన్లు ఉబ్బుతుంది. చల్లారాక అది తన అసలు సైజుకి వచ్చేస్తుంది కదా. మా నాన్న యాభై ఏళ్ళు ఈ పని చేశాడు, జూట్ మిల్లు రోలరుకి ఈ లెక్క ఎప్పుడూ అడ్డు రాలేదు.

సరే అది మా తప్పు, నేర్చుకున్నాం. డబ్బులు మాత్రం డెలివరీ అయిన ఏడో నెలలో ఇచ్చారు. బ్రాంజ్ కొన్న అప్పుకి ఆ ఏడు నెలల వడ్డీ నాదే. ఇప్పుడు అదే కంపెనీ మూడు రకాల పార్టులు, మొత్తం 200 పీసులు అడుగుతోంది. చెయ్యాలంటే ఏసీ గది, గ్రానైట్ టేబుల్, కొత్త గేజ్‌లు, మనుషులకి ట్రైనింగ్, అంతా కలిపి 18 లక్షలు తేలింది. దీని తరవాత ఇంకో ఆర్డరు ఉంటుందా అంటే "చూద్దాం" అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

#2 బొబ్బిలి_బుర్ర

వదిలెయ్యండి మాస్టారూ. ఆ 18 లక్షలు బ్యాంకులో వేసుకుంటే రాత్రిళ్ళు నిద్రైనా పడుతుంది. ఆత్మనిర్భర్ అని పోస్టర్లు వేసేవాళ్ళెవరూ మీ వడ్డీ కట్టరు.

#3 ఉద్దానం_కుర్రోడు

నాదొక చిన్న డౌట్, టాపిక్ పక్కకి పోతే క్షమించండి. నేను ఆర్మీకి ప్రిపేర్ అవుతున్నాను, రోజూ నాలుగున్నరకి లేచి రోడ్డు మీద పరుగు. మొన్న మాక్ టెస్టులో 2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు అని బిట్ వచ్చింది. అంత డబ్బు ఉండగా మాస్టారికి ఒక చిన్న బిల్లు ఇవ్వడానికి ఏడు నెలలు ఏంటి? ఆ డబ్బంతా ఎక్కడికి పోతోంది?

#4 స్టోర్స్_పంతులు (చీపురుపల్లి)

బాబూ, మంచి ప్రశ్న. నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు ప్రభుత్వ స్టోర్స్‌లో కాగితాలు మోసినవాణ్ణి, కాబట్టి చెప్పగలను.

ఆ 6.81 లక్షల కోట్లలో పింఛన్లకే 1.60 లక్షల కోట్లు పోతాయి. మన ఫోరంలోని మాజీ సైనికులు సుబేదార్ గారూ, మీరు కోప్పడకండి, లెక్క చెబుతున్నానంతే. జీతాలు, తిండి, పెట్రోలు, మరమ్మతులు పోగా కొత్త విమానాలు, ఓడలు, తుపాకులు కొనడానికి పెట్టే క్యాపిటల్ పద్దు 1.80 లక్షల కోట్లు. అందులో ఆధునికీకరణకి పెట్టిన దాంట్లో 75 శాతం దేశీయ కంపెనీల దగ్గరే కొనాలని ఆ ఏడాది పక్కన పెట్టారు, ఆ వాటా 1.11 లక్షల కోట్ల పైమాటే. అయితే ఆ డబ్బులో ఎక్కువ భాగం పాత ఒప్పందాల వాయిదాలకే సరిపోతుంది. ఇవాళ సంతకం పెట్టిన విమానానికి పదేళ్ళ పాటు కిస్తీలు కడుతూ ఉండాలి.

ఇక కొనే దారులు రెండు. పెద్ద వస్తువు కొనాలంటే క్యాపిటల్ దారి. ముందు అవసరం ఉందని రక్షణమంత్రి అధ్యక్షతన ఉండే కౌన్సిల్ ఒప్పుకోవాలి. తరవాత టెండరు, టెక్నికల్ పరిశీలన, ఆ పైన ట్రయల్స్. ఎడారిలో ఒకసారి, మంచు కొండల్లో ఒకసారి. ఈ ట్రయల్స్ ఖర్చు అమ్మేవాడిదే, నెగ్గినా కొంటామని మాట ఇవ్వరు. "నో కాస్ట్ నో కమిట్‌మెంట్" అని దానికి పేరే ఉంది. చిన్న కంపెనీ మంచు కొండ దిగేసరికే సగం చచ్చిపోతుంది. తరవాత ఎల్-1, అంటే అందరికన్నా తక్కువ కోట్ చేసినవాడు, వాడితో బేరం, ఫైనాన్స్ వాళ్ళ కొర్రీలు, పెద్ద మొత్తమైతే ప్రధాని దగ్గరి కమిటీ. ఇంతలో ఆఫీసరు బదిలీ అవుతాడు, కొత్తాయన ఫైలు మొదటి పేజీ నుంచి చదువుతాడు.

మాస్టారి బుష్‌ది ఇంకో దారి, రెవెన్యూ అంటారు. స్పేర్లు, రిపేర్లు, రోజువారీ సరుకు. దీనికి వేరే మాన్యువల్ (కొనుగోలు నియమాల పుస్తకం) ఉండేది, 2009ది. దాన్ని మార్చి 2025 నవంబరు 1 నుంచి కొత్తది అమల్లోకి తెచ్చారు. అందులో మాస్టారికి పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి, మనవరాలిని ట్యూషన్ నుంచి తీసుకొచ్చాక రాస్తాను.

#5 సుబేదారు_ఆమదాలవలస

పంతులు గారూ, కోపం ఏటీ లేదు, నా పింఛను నాకొస్తోంది.

నేను వాడినవాణ్ణి, కొన్నవాణ్ణి కాదు. అటువైపు నుంచి రెండు ముక్కలు చెప్తాను. 1999లో కార్గిల్ అప్పుడు నేను ఆర్టిలరీలో ఉన్నాను. కొండ మీద బంకర్లు పగిలాయంటే అది బోఫోర్స్ తుపాకీ వల్ల. ఏ తుపాకీ పేరు చెప్పి ఢిల్లీలో ప్రభుత్వం కూలిందో ఆ తుపాకీయే. 1986లో 410 కొన్నారు. లంచం గొడవ వచ్చింది. ఆ గొడవ నిజమే, తేల్చాల్సిందే. కానీ దాని వల్ల ఇంకో 155 ఎంఎం తుపాకీ కొనడానికి ఎవడూ సంతకం పెట్టలేదు. ఎప్పుడు పెట్టారో తెలుసా? కొత్త తుపాకులు సైన్యంలోకి వచ్చింది 2018 నవంబరులో. ముప్ఫై ఏళ్ళు బావూ. నేను చేరిన రోజు చూసిన తుపాకీనే నేను రిటైరైన రోజూ చూశాను.

ఇంకో తమాషా వినండి. బోఫోర్స్‌తో పాటు దాని డ్రాయింగులు కూడా అప్పుడే మన చేతికి వచ్చాయి. అవి బీరువాలో పడుకున్నాయి. ఆ డ్రాయింగులు దులిపి జబల్‌పూర్‌లో ధనుష్ అని చేశారు, మొదటి ఆరు తుపాకులు 2019 ఏప్రిల్‌లో ఇచ్చారు. బీరువా తాళం ముందే తీసుంటే ఎలాగుండేదో!

కార్గిల్ జరుగుతుండగా అప్పటి ఆర్మీ చీఫ్ జనరల్ మాలిక్ గారిని విలేకరులు అడిగితే ఉన్నవాటితోనే పోరాడతాం అన్నారు. ఆ మాట పేపర్లో చదివి మా బ్యాటరీలో (మా తుపాకుల దళంలో) ఎవరూ ఏమీ అనలేదు. ఉన్నవాటితోనే పోరాడుతున్నాం కదా అప్పటికే.

#6 ఉద్దానం_కుర్రోడు

సార్ మీకు దండం. ఈ కథ మా కోచింగ్ సెంటర్లో చెప్పలేదు.

#7 బొబ్బిలి_బుర్ర

సుబేదార్ గారి మాట నా మాటకే బలం. మన దగ్గర చేస్తాం చేస్తాం అంటారు, ఏళ్ళు గడుస్తాయి. తేజస్ యుద్ధ విమానం తీసుకోండి. 1983లో మంజూరు. మొదటిసారి ఎగిరింది 2001 జనవరి 4న. స్క్వాడ్రన్‌లో చేరింది 2016లో. నేను పుట్టకముందు మొదలైన విమానం నా పెళ్ళయ్యాక చేరింది. 2021 ఫిబ్రవరిలో 83 మార్క్-1ఏ విమానాలకి దాదాపు 48 వేల కోట్ల ఒప్పందం, 2024 మార్చి నుంచి ఇస్తామన్నారు. ఇంజిన్ అమెరికాది. ఆ అమెరికా కంపెనీ మొదటి ఇంజిన్ పంపేసరికి 2025 మార్చి. స్వదేశీ విమానం, గుండెకాయ మాత్రం పరదేశీ. మన సొంత కావేరి ఇంజిన్ 1989లో మొదలెట్టి 2008లో తేజస్ నుంచి తప్పించారు. ఇటు పాత మిగ్-21 యుద్ధ విమానాలు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో దింపేశారు, దింపక తప్పలేదు, ముసలివైపోయాయి. అంతకు ముందు అదే ఏడాది మే నెలలో సాక్షాత్తూ ఎయిర్ చీఫ్ ఎ.పి. సింగ్ గారే నాకు తెలిసి ఒక్క ప్రాజెక్టూ టైముకి పూర్తి కాలేదని సభలో అనేశారు. ఇంకా నేను చెప్పేదేముంది.

#8 కోరుకొండ_పాతబ్యాచ్ (బెంగళూరు)

బొబ్బిలి బ్రదర్, చెప్పిన తారీఖులన్నీ కరెక్టే. నేను ఏరోస్పేస్‌లోనే పని చేస్తున్నాను, మా సైనిక్ స్కూల్ గేటు దాటాక ఇంకో లోకం చూడలేదు. కానీ మీరు ఆ తారీఖుల నుంచి "మనవాళ్ళకి చేతకాదు" అనే చోటికి వెళ్తున్నారు. నాకు కనిపించేది వేరే. చేతనైనవాణ్ణి మధ్యలో ఖాళీగా కూర్చోబెట్టడం మన అసలు జబ్బు.

సబ్‌మెరైన్ల కథ చెప్తాను, కొంచెం పెద్దదే, ఓపిక పట్టండి. 1981లో జర్మనీ కంపెనీతో నాలుగు సబ్‌మెరైన్లకి ఒప్పందం. రెండు అక్కడ కట్టారు, రెండు ముంబై మజగావ్ డాక్‌లో మనవాళ్ళు కట్టారు. శల్కి 1992లో, శంకుల్ 1994లో నేవీలో చేరాయి. సబ్‌మెరైన్ పొట్ట వెల్డింగ్ అంటే ఇంటి గేటు వెల్డింగ్ కాదు. లోతుకి వెళ్ళినప్పుడు నీళ్ళు నలుమూలల నుంచీ నొక్కుతాయి, ప్రతి కుట్టూ ఎక్స్‌రే తీసి చూస్తారు, ఎక్కడ గాలి బుడగ కనిపించినా అంతా గ్రైండ్ చేసి మళ్ళీ వెయ్యాలి. ఆ పని వచ్చిన వెల్డర్లని తయారు చెయ్యడానికి ఏళ్ళు పట్టింది. అంతలో దాని మీదా కమీషన్ల ఆరోపణలు. ఇంకో రెండు కడదామనుకున్నవి ఆపేశారు. వెల్డర్లు ఏమయ్యారు? కొందరు రిటైరు, కొందరు గల్ఫ్, కొందరు వేరే పనులకి. మళ్ళీ ఆరు సబ్‌మెరైన్లకి ఒప్పందం ఫ్రాన్స్ వాళ్ళతో 2005 అక్టోబరులో. మొదటిది కల్వరి చేరింది 2017 డిసెంబరులో. శంకుల్‌కీ కల్వరికీ మధ్య 23 ఏళ్ళు. మొదటి బడి మూసేసి, ఇరవై ఏళ్ళ తరవాత అదే ఊళ్ళో మళ్ళీ అక్షరాభ్యాసం చేయించినట్టు. ఆ ఆరింట్లో చివరిది వాగ్‌షీర్ 2025 జనవరిలో చేరింది. తరవాతి ఆర్డరు ఆలస్యమైతే ఈ వెల్డర్లూ చెదిరిపోతారు. ఇంకోసారి అక్షరాభ్యాసం.

పని వరసగా ఇచ్చిన చోట ఏమైందో కూడా చూడండి. విమాన వాహక నౌక విక్రాంత్ కట్టేటప్పుడు రష్యా నుంచి స్టీలు సరిగ్గా దొరకలేదు. హైదరాబాద్ డీఎంఆర్‌ఎల్ (రక్షణ లోహాల ల్యాబ్), సెయిల్ (ప్రభుత్వ స్టీలు కంపెనీ) కలిసి డీఎంఆర్-249 అనే స్టీలు ఇక్కడే తయారు చేశాయి. ఇప్పుడు మన యుద్ధనౌకలకి ఆ రకం స్టీలే. మన అణు సబ్‌మెరైన్లు అరిహంత్, అరిఘాత్ మీ పక్క జిల్లాలోనే కట్టారు, ఒకదాని వెనక ఒకటి, చేతులు ఖాళీ కాకుండా. 2013-14లో రక్షణ ఎగుమతులు 686 కోట్లు, 2024-25లో 23,622 కోట్లు.

#9 బొబ్బిలి_బుర్ర

ఎగుమతులు అంటే బ్రహ్మోస్ క్షిపణులు అనుకుంటారు జనం. ఫిలిప్పీన్స్‌కి అమ్మారు, బాగుంది. కానీ మిగతాదాంట్లో విదేశీ కంపెనీలకి మనవాళ్ళు చేసి పంపే విడిభాగాలు కూడా ఉన్నాయి. లెక్క పెద్దగా చూపించడానికి అన్నీ కలిపేస్తారు.

#10 కోరుకొండ_పాతబ్యాచ్

విడిభాగాలు ఉంటే తప్పేంటి? లేత్‌మాస్టర్ చేసేది విడిభాగమే కదా. ఆ 23,622 కోట్లలో 15,233 కోట్లు ప్రైవేటు వాళ్ళవి. ఇరుకు సందుల్లో ఉన్న షాపుల పని కూడా అందులో ఉంది. విమానం మొత్తం ఒకేచోట ఎవడూ చెయ్యడు. ఎవడో రెక్క, ఎవడో తలుపు, ఎవడో బోల్టు.

#11 నాగావళి_టీచర్ (శ్రీకాకుళం)

ఇంజిన్ల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి మన కాళ్ళ కింద ఉన్న దాని గురించి కూడా చెప్తాను. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. ఏటా పిల్లల్ని కళింగపట్నం బీచ్‌కి తీసుకెళ్ళి ఒక పని చేయిస్తాను. పాలిథిన్ కవర్లో గట్టి మాగ్నెట్ పెట్టి ఇసుకలో తిప్పమంటాను. తెల్ల ఇసుక రాలిపోతుంది, నల్ల రేణువులు కవరుకి అతుక్కుని మీసాల్లా నిలబడతాయి. అందులో ఇల్మనైట్ ఉంది, దాని నుంచి టైటానియం. ఆ ఇసుకలోనే జిర్కాన్, గార్నెట్, ఇంకా కొంచెం మోనజైట్. మోనజైట్‌లో థోరియంతో పాటు రేర్ ఎర్త్స్ అనే లోహ మూలకాలు ఉంటాయి.

దీనికీ రక్షణకీ ఏం సంబంధం అంటే, క్షిపణి రెక్కలు తిప్పే మోటార్లకి వేడిని తట్టుకునే మాగ్నెట్లు కావాలి. సమేరియం కోబాల్ట్ మాగ్నెట్లు అలాంటివి. చైనా 2025 ఏప్రిల్ 4న సమేరియంతో సహా ఏడు రేర్ ఎర్త్‌ల ఎగుమతి మీద ఆంక్షలు పెడితే ప్రపంచమంతా గిలగిలా కొట్టుకుంది. మన విశాఖలో ప్రభుత్వ కంపెనీ ఐఆర్‌ఈఎల్ వాళ్ళ మాగ్నెట్ ప్లాంటు ఉంది, 2023 మేలో జాతికి అంకితం చేశారు, ఏడాదికి 3,000 కిలోల సమేరియం కోబాల్ట్ మాగ్నెట్లు దాని సామర్థ్యం. ఇసుక మన దగ్గర ఉంది, చివరి మాగ్నెట్ చేసే చోటూ మన పక్కనే ఉంది. మధ్యలో ఒకదాన్నుంచి ఒకటి విడదీసే పని ఉంటుంది, అదే కష్టం. ఒక ద్రావణంలోంచి ఇంకోదాంట్లోకి వందలసార్లు మార్చుకుంటూ పోవాలి, ఎందుకంటే ఆ మూలకాలన్నీ కవల పిల్లల్లా ఒకేలా ప్రవర్తిస్తాయి. చైనా దశాబ్దాల తరబడి ఈ పని వదల్లేదు.

ఇంకో మాట కూడా రాయకపోతే నా మనసు ఒప్పుకోదు. ఇసుక తవ్వితే ఒడ్డు కోసుకుపోతుందని, చేపల వలలు వేసే చోటు పోతుందని మత్స్యకారులు అంటారు. అది వినకుండా "దేశ రక్షణ" అని బోర్డు పెట్టి తవ్వేస్తే కుదరదు. నా స్టూడెంట్లలో సగం మంది ఆ ఊళ్ళ వాళ్ళే.

#12 ఉద్దానం_కుర్రోడు

మేడమ్, మాగ్నెట్ మేం కూడా తిప్పేవాళ్ళం, స్పీకర్ పగలగొట్టి తీసిన మాగ్నెట్. అది క్షిపణి సరుకని అప్పుడు తెలిస్తే జాగ్రత్త చేసేవాణ్ణి, మా అమ్మ పారేసింది.

మాస్టారూ, బుష్‌లకి బుడితి కంచరివాళ్ళని పిలవండి, ఇత్తడి, కంచు వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య.

#13 లేత్‌మాస్టర్ (గజపతినగరం)

తమ్ముడూ, నవ్వు తెప్పించావు గానీ, బుడితిలో నేను ఒకసారి చూశాను, ఆయన చెంబు అంచు మీద వేలు పెట్టి ఇక్కడ మందం ఎక్కువుంది అని చెప్పాడు, వెర్నియర్ పెడితే నిజంగానే ఉంది. అలాంటి చేతులున్న జిల్లాల్లో మనకి పని రాదనడం తప్పు. కాకపోతే ఆ వేలుకి సర్టిఫికెట్ ఉండదు, అదొక్కటే తేడా.

కోరుకొండ అన్న చెప్పిన వెల్డర్ల సంగతి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. మాకూ అంతే కదా. ఈ 200 పీసులకి నేను ముగ్గురు కుర్రాళ్ళకి నేర్పిస్తాను. ఆర్డరు అయిపోయాక ఆరు నెలలు ఖాళీ అయితే వాళ్ళు హైదరాబాద్ బస్సెక్కుతారు. నా 18 లక్షల కంటే అదే పెద్ద నష్టం.

టీచర్ గారూ, పంతులు గారూ, బిల్లు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. చిన్న పరిశ్రమలకి 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలని చట్టం ఉందంటారు కదా?

#14 స్టోర్స్_పంతులు (చీపురుపల్లి)

ఉంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెల నెలా చక్రవడ్డీ. పైగా ఇప్పుడు ఆదాయపు పన్నులో కూడా మెలిక పెట్టారు, సూక్ష్మ, చిన్న సంస్థలకి గడువులో కట్టని మొత్తాన్ని కొన్న కంపెనీ నిజంగా కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి. ఆన్‌లైన్‌లో ప్రభుత్వ పోర్టల్ ఉంది, ఫిర్యాదు పెట్టొచ్చు. చాలామంది పెట్టరు. ఎందుకో మీరే మొదటి పోస్టులో రాశారు, "రేపు మళ్ళీ వాళ్ళ గుమ్మమే తొక్కాలి" అని.

నేను అవతలి కుర్చీలో కూర్చున్నాను కాబట్టి ఒప్పుకుంటాను. బిల్లు ఆగేది చాలాసార్లు డబ్బు లేక కాదు. ఇన్‌స్పెక్షన్ నోట్ ఒక కాపీ తక్కువ, చలాను మీద పార్టు నంబరులో ఒక గీత తక్కువ, అంతే. ఫైలు వెనక్కి పంపితే నన్నెవరూ తిట్టరు, పాస్ చేసి తరవాత ఆడిట్‌లో తేడా వస్తే నా పింఛను ఆగుతుంది. అందరం వెనక్కే పంపుతాం. మీకు ఆగిన ఏడు నెలల్లో నాలుగు నెలలు ఎవడో నాలాంటివాడి బల్ల మీదే ఉండి ఉంటుంది.

ఇక ఆరోజు చెప్తానన్న కొత్త మాన్యువల్. స్వదేశంలో మొదటిసారి తయారు చేసే వస్తువులకి డెవలప్‌మెంట్ దశలో ఆలస్యానికి జరిమానా ఉండదు. ఆ తరవాత కూడా వారానికి 0.1 శాతమే. అన్నిటికన్నా మీకు కావాల్సింది, అలాంటి వస్తువుకి ఐదేళ్ళ వరకూ ఆర్డర్లకి హామీ ఇవ్వొచ్చని రాశారు. ఇది మధ్య కంపెనీ ద్వారా వెళ్ళేవాడికి నేరుగా వర్తించదు. కానీ ఆ కంపెనీకి హామీ ఉంటే దాన్ని అడిగే హక్కు మీకుంది. వాళ్ళని కూర్చోబెట్టి అడగండి, మీకు పై నుంచి ఎన్నేళ్ళ ఆర్డరు ఉంది అని. మొహం చూస్తే తెలిసిపోతుంది.

#15 బొబ్బిలి_బుర్ర

పంతులు గారూ, ఈ ఒప్పుకోలు మీరు సర్వీసులో ఉన్నప్పుడు రాసుంటే గుడి కట్టేవాళ్ళం.

#16 స్టోర్స్_పంతులు (చీపురుపల్లి)

అప్పుడు రాసుంటే ఇప్పుడు ఫోన్ కొనడానికి పింఛను ఉండేది కాదు.

#17 సుబేదారు_ఆమదాలవలస

నవ్వులు సరే. మాస్టారూ, మీ 9 పీసుల సంగతి మళ్ళీ చదివాను. తిరిగొచ్చాయని బాధపడకండి. ఒకసారి లేహ్ దగ్గర మాకు గ్లౌజుల కొత్త లాట్ వచ్చింది. ఏ ఫ్యాక్టరీదో చెప్పను, ఇప్పుడెందుకు. చూడ్డానికి ఎంచక్కా ఉన్నాయి. మైనస్ ఇరవైలో బొటనవేలు దగ్గర కుట్టు విడిపోయింది. ఆ కుట్టు వేసినవాడికి, చూసి ఓకే అన్నవాడికి ఆ చలి తెలీదు. నా పక్కనున్న కుర్రాడికి, మన టెక్కలి వాడే, వేలు కొస నల్లబడింది. తీసెయ్యలేదు, బతికిపోయింది, కానీ ఇప్పటికీ చలికాలం వస్తే ఆ వేలు పట్టుకుని కూర్చుంటాడు.

ఏసీ గదిలో కూర్చుని 20 మైక్రాన్లు తక్కువని పక్కన పెట్టాడే, వాడి మీద కోపం వద్దు. అలాంటివాడు మాకు ఆ రోజు ఒకడుంటే బాగుణ్ణు. మీ బుష్ ఏ ఓడ పొట్టలో ఉంటుందో, లోపల ఎవరి పిల్లలుంటారో.

#18 లేత్‌మాస్టర్ (గజపతినగరం)

సుబేదార్ గారూ, ఇది మా ఆపరేటరుకి చదివి వినిపించాను. ఆయన ఏమీ మాట్లాడలేదు, వెళ్ళి గేజ్‌ల పెట్టె తుడిచి పెట్టాడు.

#19 కోరుకొండ_పాతబ్యాచ్ (బెంగళూరు)

ప్రాక్టికల్ విషయాలు కొన్ని, తొందరలో రాస్తున్నాను, ఫ్లైటుకి టైమైంది.

18 లక్షలు ఒక్కసారి పెట్టొద్దు. ఏసీ గది మొదట, పది అడుగులు పది అడుగులు చాలు. పీసు మెషీన్ మీంచి దిగాక ఆ గదిలో రాత్రంతా ఉంచి పొద్దున కొలవండి, మైక్రోమీటర్ కూడా ఆ గదిలోనే ఉండాలి. సీఎంఎం (కంప్యూటర్‌తో కొలిచే మెషీన్) కొనొద్దు, విశాఖలో గంట లెక్కన కొలిచి ఇచ్చే ల్యాబులు ఉన్నాయి, ఎన్‌ఏబీఎల్ గుర్తింపు (ల్యాబుల నాణ్యతకి ఇచ్చే జాతీయ గుర్తింపు) ఉందో లేదో చూసుకోండి. మెటీరియల్ కొన్నప్పుడు హీట్ నంబరుతో (లోహం కరిగించిన బ్యాచ్ నంబరుతో) టెస్ట్ సర్టిఫికెట్ తీసుకోండి, రాడ్ ముక్కలు కోసినప్పుడు ప్రతి ముక్క మీదా ఆ నంబరు పంచ్ కొట్టండి. కోసేశాక ఏది ఏ రాడ్డో తెలీకపోతే మంచి పీసు కూడా తుక్కే. ముందు ఒక్క పీసు చేసి ఫస్ట్ ఆర్టికల్ పాస్ చేయించుకోండి, అది పాసయ్యాకే మిగతా మెటీరియల్ కొనండి, ఈ ముక్క ఆర్డరులో రాయించుకోండి. అడ్వాన్స్ అడగండి, కనీసం మెటీరియల్ వాళ్ళే ఇచ్చేలా మాట్లాడుకోండి, బ్రాంజ్ రేటుకి మీ వడ్డీ ఆగదు.

బొబ్బిలి బ్రదర్ కోసం ఇంకోటి. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో కట్టిన నిస్తార్, లోతు సముద్రంలో డైవింగ్‌కి సాయం చేసే ఓడ, 2025 జూలైలో నేవీలో చేరింది. అందులో 80 శాతం దేశీయం, 120కి పైగా చిన్న, మధ్య తరహా సంస్థలు పని చేశాయి. అదే యార్డుకి 2023 ఆగస్టులో ఐదు ఫ్లీట్ సపోర్ట్ షిప్పులకి 19 వేల కోట్ల ఒప్పందం ఉంది. ఒక్కోటి 44 వేల టన్నుల ఓడ. ఏళ్ళ తరబడి పని. విజయనగరం నుంచి గంటన్నర దూరం. ఆ 120లో మన జిల్లాల వాళ్ళు ఎంతమంది అని అడగాల్సింది మనమే.

#20 బొబ్బిలి_బుర్ర

సరే, 1941లో వాల్‌చంద్ హీరాచంద్ ఆ యార్డు పెట్టినప్పటి నుంచీ మనం గంటన్నర దూరంలోనే ఉన్నాం. ఇన్నేళ్ళూ ఏం చేశామంటే అక్కడికి కూలి పనికి వెళ్ళాం. మాస్టారు వెళ్తే పార్టులు పట్టుకుని వెళ్ళినట్టు. ఈ ఒక్క విషయంలో నా ఓటు మార్చుకుంటున్నాను. ఇంజిన్ విషయంలో మాత్రం మార్చను.

#21 నాగావళి_టీచర్ (శ్రీకాకుళం)

మాస్టారూ, మీకు ఐటీఐ పిల్లలు కావాలంటే చెప్పండి. మా పక్కింటి అమ్మాయి మెషినిస్ట్ ట్రేడ్ పూర్తి చేసింది, మార్కులు బాగున్నాయి, ఆడపిల్లని షాపులో పెట్టుకోం అంటున్నారట అందరూ.

#22 లేత్‌మాస్టర్ (గజపతినగరం)

రెండున్నర నెలలైంది, అందరికీ అప్‌డేట్ ఇవ్వాలి.

పంతులు గారు చెప్పినట్టు వాళ్ళని కూర్చోబెట్టి అడిగాను. మొదట నీళ్ళు నమిలారు. తరవాత మూడు పార్టుల్లో ఒకదానికి మూడేళ్ళ రేటు కాంట్రాక్టు ఉందని, మిగతా రెండూ ఒక్కసారి పనేనని చెప్పారు. మూడేళ్ళదే తీసుకున్నాను, 80 పీసులు. మిగతా రెండూ వదిలేశాను. మెటీరియల్ వాళ్ళదే. బిల్లుకి 45 రోజులు అని కాగితం మీద రాయించాను, రాస్తున్నప్పుడు వాళ్ళ మేనేజరు నా వంక అదోలా చూశాడు.

స్టోరు గదికే గోడలు సరిచేసి ఏసీ పెట్టాం, సెకండ్‌హ్యాండ్ గ్రానైట్ టేబుల్ దొరికింది, మొత్తం నాలుగు లక్షల డెబ్బై వేలు అయింది. మా ఆపరేటరు మొదట ఈ గదిని ఎగతాళి చేశాడు, ఇప్పుడు చెప్పులు బయట విడిచి వెళ్తున్నాడు. టీచర్ గారి పక్కింటి అమ్మాయి వచ్చి నెలైంది, కొలతల రిజిస్టరు ఆమె చేతిలోనే ఉంది, పీసు పెట్టాక గంట కూడా కాకుండా నేను తలుపు తీస్తే "ఇంకా చల్లారలేదు సార్" అని వేసేస్తుంది.

ఫస్ట్ ఆర్టికల్ పోయిన బుధవారం పాసైంది. మొదటి 20 పీసులు సోమవారం వెళ్తాయి. బిల్లు సంగతి 46వ రోజున వచ్చి రాస్తాను.

#23 స్టోర్స్_పంతులు (చీపురుపల్లి)

చలాను మీద పార్టు నంబరు గీతలతో సహా సరిచూసుకోండి. ఇన్‌స్పెక్షన్ నోట్ మూడు కాపీలు. నాలుగోది జేబులో పెట్టుకోండి.